శిఖంలో కొర్రమట్టకు 40 మీటర్ల విసురు దేనికి?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో కొర్రమట్టల వేట మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ ‘గాలానికి ఎరగా కట్టే కప్పబొమ్మ ఎంత పెద్దదైతే అంత పెద్ద చేప, ఎంత దూరం విసిరితే అంత మంచిది’ అన్న దగ్గర ఆగిపోయాను. ఆర్టీసీలో 27 ఏళ్లు కండక్టరుగా చేశాను. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోకుండా చెరువుకు పోయి తిట్లు తిన్నవాణ్ణి. మా ఊరి మత్స్య సంఘం వాళ్లకు చెప్పే గాలం వేస్తాను.

ఆ సలహా నడి చెరువులో పనికొస్తుందేమో గానీ చెరువు అంచున ఉండే శిఖంలో పనికిరాదు. అక్కడ మోకాలు కూడా మునగని నీళ్లు, తుంగ, గుర్రపు డెక్క. తెల్లారేసరికి కొర్రమట్ట ఒడ్డుకొచ్చి కప్పపిల్లల కోసం, పరకల కోసం కాచుకుని ఉంటుంది. 6 సెంటీమీటర్లు, 15 గ్రాముల రబ్బరు కప్ప అందులో పడితే రాయి పడ్డట్టే. చేప బెదిరి పారిపోతుంటే తుంగ దుబ్బుల నడుమ నీళ్ల మీద ఒక గీత లోతుకు సాగిపోతుంది. ఇక ఆ చోట గంటసేపు బీడీ కాల్చుకుంటూ కూర్చోవాల్సిందే.

పోయిన కార్తీకంలో మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి కొత్త రాడ్డు, డబ్బా నిండా కప్పలు తెచ్చాడు. ‘40 మీటర్లు పోతుంది మామా’ అని విసిరాడు. పోయింది. చేప కూడా కొట్టింది, చప్పుడు ఇద్దరికీ వినిపించింది. వాడు రాడ్డు లాగితే నైలాన్ దారం సాగింది, డెక్క మీద వంకరగా పడ్డ దారం సర్దుకుంది, అంతే. ముల్లు దిగనే లేదు. పొట్ట మీద పళ్ల గాట్లతో కప్ప ఒక్కటే తిరిగొచ్చింది.

నేను వాడేది 4 సెంటీమీటర్ల కప్ప, బరువు 7 గ్రాములు. 12 మీటర్లు, మహా అయితే 15. అంతకంటే దగ్గరికి పోవాలంటే చెప్పులు విప్పుతాను. నీడ నీళ్ల మీద పడకుండా ఎండకు ఎదురుగా నిలబడతాను. కొర్రమట్ట గాలి మింగడానికి పైకి రాక తప్పదు. ‘గుబుక్’మని నీళ్లలో సుడి లేస్తుంది. ఆ సుడిలో వేయకూడదు. రెండు మీటర్లు అవతల, కాస్త పక్కకు వేసి, అలలు అణిగేదాకా కప్పను కదపకూడదు. తర్వాత మెల్లగా, ఆగి ఆగి లాక్కురావాలి. 12 మీటర్ల దూరమైతే డెక్క ఆకు వణికినా నా కంటికి కనిపిస్తుంది, లాగిన వెంటనే ముల్లు దిగుతుంది, చేప డెక్క వేళ్లలోకి దూరకముందే తల తిప్పగలను. గాలికి అలలు లేచినప్పుడో, కొత్త నీరు వచ్చి బురదగా ఉన్నప్పుడో మాత్రం నేనూ పెద్ద కప్పే కడతాను. చిన్నది చేపకు తెలియనే తెలియదు.

ఇంకొకటి, ఇది నాకు కోపం తెప్పించింది. ‘ఎర్రటి పిల్లలు గుంపుగా ఉడుకుతున్నట్టు కనిపిస్తే అక్కడే పెద్ద కప్ప వేయండి, కొట్టి తీరుతుంది’ అని రాశారు. నిజమే, కొడుతుంది. కానీ ఆకలికి కాదు. వానాకాలంలో కిందే ఉండి పిల్లలను కాస్తున్న తల్లో తండ్రో దాన్ని శత్రువనుకుని కొడుతుంది. పెద్ద కప్పకే పెద్ద చేప పడుతుందని ఆ రచయితకు ఇలాంటి చోటే అనిపించి ఉంటుందని నా అనుమానం. కాపలా చేపను పట్టుకుపోతే ఆ పిల్లలు సాయంత్రానికి పక్క చేపల పొట్టలో ఉంటాయి. కొర్రమీను, అంటే ఈ కొర్రమట్టే, మన రాష్ట్ర చేప అని అదే పేజీలో పెద్ద అక్షరాల్లో వేశారు కూడా!

విసురు సంగతి ఎవరిష్టం వారిది. పిల్లల గుంపు గురించిన ఆ వాక్యానికి మాత్రం వచ్చే ఆదివారం సవరణ వేయండి. వానలు మొదలు కాబోతున్నాయి.

– ఒక రిటైర్డ్ కండక్టర్, జనగామ జిల్లా