పాత బండ్ల బ్రేక్ లైట్, ఇండికేటర్ పనులు ఇకపై ఇలా చేస్తాం

కస్టమర్లందరికీ నమస్కారం.

"బల్బే కదా, ఐదు నిమిషాల్లో మార్చి ఇచ్చేయండి" అని చాలామంది అడుగుతున్నారు. పాత బండ్ల విషయంలో ఆ మాట మీద పని మొదలుపెట్టడం మానేస్తున్నాం. ముందు లోపం ఎక్కడుందో పట్టుకుంటాం, ఆ తర్వాతే ఏదైనా మారుస్తాం. దీనికి టైం పడుతుంది. వెతికినందుకు కూలీ కూడా తీసుకుంటాం, చివరికి మార్చింది ఒక్క స్క్రూ అయినా సరే. బిల్లు చేతికొచ్చాక మీరు నొచ్చుకోవడం నాకు ఇష్టం లేదు, అందుకే ముందే చెబుతున్నాను.

బల్బు పోయిందా అని మొదట చూస్తాం. గాజు లోపల నల్లబడినా, ఫిలమెంట్ తెగినా కంటికే తెలిసిపోతుంది. అలాంటప్పుడు బల్బు ధర తప్ప ఇంకేమీ తీసుకోం. అసలు పని బల్బు బాగున్నప్పుడే మొదలవుతుంది.

పాత బండ్లలో మమ్మల్ని ఎక్కువగా తిప్పలు పెట్టేది ఎర్త్, అంటే కరెంట్ బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. బ్రేక్ తొక్కితే ఆ లైట్ మసకగా వెలుగుతుంది, పక్కనున్న ఇండికేటరో పార్కింగ్ లైటో కూడా సన్నగా వెలుగుతుంది. కరెంట్‌కు బాడీలోకి వెళ్లే దారి దొరక్క పక్క ఫిలమెంట్ గుండా తిరిగి వెళ్తోందన్నమాట. లైట్ వెనకున్న ఎర్త్ స్క్రూ విప్పితే రింగు కింద తుప్పు పొర కనిపిస్తుంది. హోల్డర్‌లో ఇత్తడి రేకు మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. లోహం మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించి, తడి చేరకుండా గ్రీజు రాస్తే లైట్ కొత్తదానిలా వెలుగుతుంది. కొత్త బల్బు వేసినంత మాత్రాన ఈ లోపం పోదు.

మీటర్ పెట్టి "12 వోల్టులు వస్తున్నాయి, వైరింగ్ బాగానే ఉంది" అనేయడం కూడా సరిపోదు. 21 వాట్ల బ్రేక్ బల్బుకు దాదాపు 1.75 ఆంపియర్ల కరెంట్ కావాలి. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, బల్బు తీసి కొలిస్తే కరెంట్ పారదు కాబట్టి మీటర్ 12 వోల్టులే చూపిస్తుంది. డిక్కీ మూత మడత దగ్గర వైర్లు ఇలాగే పైతొడుగు బాగానే ఉండి లోపల తెగుతాయి. అందుకే బల్బు వెలిగించి ఉంచి, హోల్డర్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలుస్తాం. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే. ఆ రీడింగ్ మీకూ చూపిస్తాం, అడగడానికి మొహమాటపడకండి.

ఇండికేటర్ ఒకవైపు గబగబా కొట్టుకుంటే సాధారణంగా ఆ వైపు ఒక బల్బు వెలగడం లేదని అర్థం. ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే చిన్న డబ్బా, అంటే ఫ్లాషర్, వేడికి వంగే రేకుతో పనిచేసే పాతకాలంది అయితే గబగబా కొట్టుకోదు, వెలిగి అలాగే ఉండిపోతుంది. ఎల్ఈడీ బల్బులు వేయించుకున్నవాళ్ల బండ్లలో అన్నీ వెలుగుతున్నా గబగబా కొట్టుకోవచ్చు, ఎందుకంటే అవి లాగే కరెంట్ చాలా తక్కువ. కరెంట్ ఎక్కువ లాగేలా దానికి రెసిస్టర్ తగిలించమని అడుగుతున్నారు. అది బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్ లైట్ పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు. వీలున్న బండ్లకు ఎల్ఈడీకి సరిపడే ఫ్లాషర్ వేస్తాం.

ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేయమంటే మాత్రం వేయం. వైరు కాలుతుంది.

బండి తెచ్చేముందు ఒక్క పని చేయండి. చీకటి పడ్డాక బండి వెనుకభాగం గోడవైపు ఉండేలా పెట్టి బ్రేక్ తొక్కండి, ఇండికేటర్ వేయండి, ఏది ఎలా వెలుగుతోందో ఫోన్‌లో వీడియో తీయండి. హజార్డ్ కూడా నొక్కి చూడండి. హజార్డ్‌కు అన్నీ కొట్టుకుని, ఇండికేటర్‌కు కొట్టుకోకపోతే బల్బుల జోలికి పోకుండా నేరుగా ఫ్యూజ్, స్విచ్ చూస్తాం. బ్రేక్ తొక్కకపోయినా లైట్ వెలుగుతూనే ఉంటే పెడల్ దగ్గర స్విచ్‌ను నొక్కి ఉంచే చిన్న రబ్బరు ముక్క ఊడిపోయి ఉండొచ్చు. తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది, ఆ రోజే చెప్పండి.

బ్రేక్ లైట్లు ఒక్కటి కూడా వెలగకపోతే బండి నడుపుకుంటూ మా దగ్గరకు రావద్దు. ఫోన్ చేయండి. చాలాసార్లు అది ఫ్యూజో పెడల్ స్విచ్చో అయి ఉంటుంది, మేమే వచ్చి చూస్తాం.