వెడల్పు సీటు, ఇరుకు బండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో చిన్న కార్లకు రేసు సీట్లు బిగించుకుంటున్న కుర్రాళ్ల గురించి రాశారు. ఫొటోలు బాగున్నాయి. వాళ్లను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, నలభై దాటాక నాకూ అదే పిచ్చి పట్టింది కాబట్టి తిట్టే అర్హత నాకు లేదు. కానీ అందులో ఒక మాట రాశారు చూడండి, రేసు సీటు వేయించుకుంటే బండిలో భద్రత పెరుగుతుందని. ఆ మాట దగ్గర టీ గ్లాసు కింద పెట్టేశాను. సరిగ్గా ఆ నమ్మకంతోనే నేను డబ్బు, రెండు నెలల ఆదివారాలు, ఒక మంచి ఫ్లోరు పాడుచేసుకున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. కాస్త పెద్దదైనా కోత పెట్టకుండా వేయండి.

నాది తాడిపత్రి బండల వ్యాపారం, యార్డు అనంతపురం శివార్లలో. రోజంతా బండల మధ్యే ఉంటాను కాబట్టి మనిషినీ ఆ వాటంలోనే తయారయ్యాను. 98 కిలోలు, భుజాలు వెడల్పు, పొద్దున్నే ఉగ్గాని బజ్జీ పడకపోతే షట్టర్ ఎత్తబుద్ధి కాదు. నాలుగేళ్ల కింద పాత మారుతీ 800 ఒకటి కొన్నాను. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ బండి గురించి మీ పాఠకులకు నేను చెప్పేదేముంది, మనలో చాలామంది స్టీరింగు పట్టుకున్నది దాంట్లోనే. నాది రోడ్డు మీద తిప్పేది కాదు. వెనక సీటు, కార్పెట్టు, పైన గుడ్డ అన్నీ పీకేసి లోపల రోల్ కేజ్ (పల్టీ కొట్టినా టాపు నొక్కుకోకుండా ఆపే ఇనుప గొట్టాల చట్రం) వేయించాను, ట్రాక్ మీద తోలడానికే. మన జిల్లాలో ట్రాక్ ఎక్కడిది, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైకి పోవాలి, లేదంటే కోయంబత్తూరులో కరి స్పీడ్‌వేకి. చెన్నైకి మా బండల లారీ ఎలాగూ పోతుంది కాబట్టి యార్డు ర్యాంపు మీది నుంచి కారును దాంట్లోకే ఎక్కించేస్తాం. మా ఆవిడ దీన్ని గురించి ఏమంటుందో ఇక్కడ రాయను.

ఒళ్లున్నవాడు రేసు సీటు కొనేటప్పుడు చేసే తప్పే నేనూ చేశాను. ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది తీసుకున్నాను. షాపులో కూర్చుంటే హాయిగా ఉంది, ఉయ్యాలబల్ల మీద కూర్చున్నట్టు. అక్కడే అనుమానం రావాల్సింది. రేసు సీటు హాయిగా ఉందంటే అది మన సైజు కాదు. నడుమూ తొడలూ రెండు వైపులా పట్టేసినట్టు ఉండాలి, ఎందుకంటే మలుపులో బండి ఒక పక్కకు ఈడ్చేటప్పుడు మనిషిని ఆపాల్సింది సీటు. అందులో ఖాళీ ఉంటే మనం జారి, స్టీరింగు పట్టుకుని వేలాడతాం. వేలాడేవాడు ఇక స్టీరింగు తిప్పేదెప్పుడు?

సరే, నాకు పెద్దదైంది. బండికి ఇంకా పెద్దదైంది. మారుతీ 800 బయటి వెడల్పే మీటరున్నర లేదు. అందులో రెండు తలుపుల మందం తీసేయండి, మధ్యలో గేరు దగ్గరి గుబ్బ తీసేయండి, మిగిలినదాంట్లో సగం మనది. నా సీటు భుజాల రెక్కల దగ్గర బయటి కొలత 58 సెంటీమీటర్లు. మిల్లీమీటరు తేడా వస్తే బండ వెనక్కి పంపేవాణ్ణి, సీటుకు మాత్రం టేపు పట్టలేదు. పట్టి ఉంటే కొలవాల్సింది ఒకచోట కాదని కూడా తెలిసేది. కింద తలుపు గడపకూ మధ్య గుబ్బకూ మధ్య ఎంత జాగా ఉందన్నది ఒక కొలత, అక్కడ సీటు అడుగూ, దాన్ని ఫ్లోరుకు పట్టి ఉంచే సైడ్ బ్రాకెట్లూ పట్టాలి. పైన భుజం ఎత్తులో తలుపుకూ పిల్లర్‌కూ తగలకుండా ఎంత ఉందన్నది ఇంకో కొలత. కింద పట్టిన సీటు పైన పట్టదు. నాది రెండుచోట్లా పట్టలేదు.

ఊళ్లోనే ఒక షెడ్డుకు తీసుకుపోయాను. పేరు రాయను, ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు, చేతిలో పనితనం కూడా ఉంది. "అన్నా, నువ్వేం టెన్షన్ పడొద్దు, సాయంత్రానికి కూర్చోబెట్టేస్తా" అన్నాడు. కూర్చోబెట్టాడు కూడా. ఎలాగంటే, బయటికి తిరిగి ఉన్న బ్రాకెట్ పాదాలను గ్రైండరుతో చెరో రెండు సెంటీమీటర్లు కోసేశాడు. దాంతో పాత సీటు బోల్టుల చోటుకు అవి రాలేదు, అందుకని ఫ్లోరు రేకులో కొత్తగా నాలుగు బెజ్జాలు కొట్టాడు. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, పైగా నా బండిలో తుప్పు. కింద రూపాయి బిళ్లంత వాషర్లు వేసి బిగించాడు. తలుపుకు తగులుతోందని సీటును రెండంగుళాలు గుబ్బ వైపు జరిపాడు. ఇప్పుడు నేను కూర్చుంటే స్టీరింగు నా కుడి రొమ్ముకు ఎదురుగా ఉంది, కాళ్లు ఒక వైపు, చేతులు ఒక వైపు. అయినా తలుపు రెండుసార్లు గట్టిగా లాగితే తప్ప పడదు. నేను మాత్రం అద్దంలో చూసుకుని మురిసిపోయాను, అది కూడా ఒప్పుకోవాలి.

యార్డులోనే పది రౌండ్లు కొట్టాను, గట్టిగా బ్రేకులు, గట్టిగా మలుపులు. ఆరో రౌండుకు సీటు ఊగడం మొదలైంది, పదో రౌండుకు మా లోడింగ్ కుర్రాళ్లకు బయటి నుంచే కనపడింది. కిందికి దూరి చూస్తే వెనక బోల్టుల చుట్టూ రేకు గుంటపడి, ఒకచోట పగులు ఇచ్చి ఉంది. వాషరు సగం రేకులోకి దిగిపోయి అప్పడంలా వంగింది. గంటకు 40 కిలోమీటర్ల లోపు వేగంతోనే ఇదంతా!

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. గట్టిగా గుద్దుకున్నప్పుడు మనిషి బరువు ఇరవై రెట్లు అయినట్టు పనిచేయడం పెద్ద విచిత్రం కాదు. నా 98 కిలోలు అప్పుడు దాదాపు రెండు టన్నులు. ముందు నుంచి దెబ్బ తగిలితే బెల్టులు కొంత మోస్తాయి, అదే వెనక నుంచో పక్క నుంచో తగిలితే ఆ భారమంతా సీటు మీదే, అంటే ఆ నాలుగు బోల్టుల మీదే. రెండు టన్నుల బండలను నాలుగు రూపాయి బిళ్లలకు వేలాడదీసి, కింద నిలబడమంటే మా హమాలీ ఎవడైనా నిలబడతాడా? నేను మాత్రం దర్జాగా కూర్చున్నాను.

తర్వాత చెన్నైలో రేసు బండ్లు తయారుచేసే ఒక పెద్దాయనకు ఫొటోలు పంపాను. ఆయన తిట్టలేదు, ఫోన్ చేసి "సార్, మీ నడుం ఎంత?" అన్నారు. ప్యాంటు సైజు 40 అని చెప్పాను. చాలాసేపు నవ్వి, కూర్చున్నప్పుడు తుంటి దగ్గర అటు అంచు నుంచి ఇటు అంచుకు ఎంత వెడల్పో కొలవమన్నారు. చెక్క స్టూలు మీద కూర్చుని, రెండు తాడిపత్రి బండలు అటొకటి ఇటొకటి నిలబెట్టించి, తుంటికి ఆనేదాకా జరిపించి మధ్యలో టేపు పెట్టించాను. 41 సెంటీమీటర్లు. అంటే నేను కొన్నదానికంటే ఒక సైజు తక్కువ సీటు నాకు సరిగ్గా సరిపోతుంది! నలభై మూడేళ్లు నన్ను నేను ఉన్నదానికంటే లావనుకుంటూ బతికానన్నమాట. భుజాలు కూడా అలాగే గోడకు ఆని కూర్చుని కొలవాలి. ఒకరికి తుంటి సన్నంగా భుజాలు వెడల్పుగా ఉంటాయి, ఒకరికి తిరగబడి ఉంటుంది, కాబట్టి ఎల్, ఎక్స్ఎల్ అన్న అక్షరాలు చూసి కొనకండి, సీటు లోపలి కొలత అడగండి.

ఆయనే ఎఫ్‌ఐఏ నిబంధనలు చదవమన్నారు. ప్రపంచ మోటారు క్రీడలకు నిబంధనలు పెట్టే సంస్థ అది. సీటును ఫ్లోరుకు బిగించాలంటే నాలుగు చోట్ల బిగించాలి, బోల్టు కనీసం 8 మిల్లీమీటర్లది అయి ఉండాలి, పైన పట్టే బ్రాకెట్టూ రేకు కింద వేసే ప్లేటూ ఉక్కువైతే కనీసం 3 మిల్లీమీటర్ల మందం, ఒక్కో బోల్టు దగ్గర ఆ ప్లేటు కనీసం 40 చదరపు సెంటీమీటర్లు ఆనాలి. అంటే ఇటూ అటూ రెండున్నర అంగుళాల పలక. నా రూపాయి బిళ్ల ఎక్కడ, ఇది ఎక్కడ. బోల్టు తల మీద దాని గట్టిదనం చెప్పే అంకె 8.8 అనో అంతకంటే ఎక్కువో అచ్చు కొట్టి ఉందా అని కూడా చూడాలట, హార్డ్‌వేర్ షాపులో గంపలోంచి తీసి ఇచ్చేవాటికి చాలాసార్లు ఏ అచ్చూ ఉండదు. ఇవన్నీ మహా అయితే వెయ్యి రూపాయల ఇనుము. సీటుకు పెట్టిన డబ్బుతో పోలిస్తే చిల్లర.

ఒక సైజు తక్కువ సీటు తెచ్చుకుని, రెండోసారి పని అదే షెడ్డులో, అదే అబ్బాయితో చేయించాను, పక్కన నేను నిలబడి. ఫ్లోరులో బెజ్జాలు పూడ్చి వెల్డింగ్ చేశాం. గడప బాక్సు నుంచి గుబ్బ దాకా అడ్డంగా రెండు ఉక్కు ట్యూబులు వేసి, వాటి మీద బ్రాకెట్లు. పాదాలు బయటికి కాకుండా సీటు కిందికి, లోపలికి తిప్పాం, అక్కడే మూడు నాలుగు సెంటీమీటర్లు మిగిలింది, ఏదీ కోయకుండా. ముందుకూ వెనక్కూ జరిపే స్లైడర్లు తీసేశాం, సీటు ఒక అంగుళం దిగింది, హెల్మెట్ పెట్టుకున్నాక పైన కేజ్ గొట్టానికి తగలకుండా నాలుగు వేళ్లు పడుతున్నాయి. స్లైడర్లు లేవు కాబట్టి మా అబ్బాయి కాళ్లు క్లచ్‌కు అందవు, అదొక లాభం. తలుపు లోపలి ప్యాడ్ తీసేసి పల్చటి అల్యూమినియం రేకు వేశాం, ట్రాక్ బండి కాబట్టి కుదిరింది. ఇప్పుడు స్టీరింగు ఎదురుగానే ఉంది.

సీటు ఎత్తు మారితే బెల్టుల సంగతి మళ్లీ మొదటికి వస్తుంది, ఇది నాకు ముందు తట్టలేదు. భుజాల మీది నుంచి వెనక్కి పోయే పట్టీలు సీటు పై అంచు నుంచి కిందికి 45 డిగ్రీలు దాటి వాలకూడదు, 10 డిగ్రీల లోపు ఉంటే మంచిదని నిబంధన. ఎక్కువ వాలితే గుద్దుకున్నప్పుడు పట్టీ భుజాన్ని వెనక్కి పట్టడం మాని వెన్నెముకను కిందికి నొక్కేస్తుంది. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ లేని నాలుగు పట్టీల బెల్టు వేసుకుంటే నడుం పట్టీ పొట్ట మీదికి ఎక్కి మనిషి కిందికి జారిపోయే ప్రమాదం ఉంది. మీ ఫొటోల్లో ఎర్ర బెల్టులు చూశాను, నాలుగే ఉన్నాయి.

ఇక మీ ఫొటోల్లోని బండ్లు రోజూ రోడ్డు మీద తిరిగేవి. నా సంగతి వేరు, వాళ్ల సంగతి వేరు. తయారీదారు ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. చట్టం పక్కన పెట్టినా, ఇప్పటి చాలా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగు సీటులోనే ఉంటుంది, సీటు పీకితే అదీ పోయినట్టే. మామూలు సీటు బెల్టు బకిల్ కూడా చాలా బండ్లలో సీటుకే ఉంటుంది, కొత్త సీటుకు దాన్ని ఎక్కడ తగిలించారో ఆ కుర్రాళ్లను అడిగారా? రోల్ కేజ్ లేని బండిలో మనిషిని నిటారుగా కట్టేస్తే, బండి పల్టీ కొట్టి టాపు నొక్కుకున్నప్పుడు తల పక్కకు వంచడానికి కూడా వీలుండదు.

సీటు మీద లేబుల్ సంగతి కూడా రాయాలి. అసలైనదానికి ఎఫ్‌ఐఏ ప్రమాణం నంబరు, తయారైన సంవత్సరమో గడువు సంవత్సరమో ఉన్న లేబుల్ ఉంటుంది. 8855-1999 అని ఉన్న సీటు మామూలుగా తయారైనప్పటి నుంచి 5 ఏళ్ల దాకానే పోటీలకు పనికొస్తుంది. సెకండ్ హ్యాండులో చవగ్గా దొరికేవి చాలావరకు ఆ గడువు అయిపోయినవే. లేబుల్ లేనిది, కుట్టు మాత్రం అచ్చం అలాగే ఉన్నది అయితే అది ఉత్త కుర్చీ.

నా మనవి ఒకటే. ఈసారి మీ విలేకరి ఆ బండ్ల ఫొటోలు తీసేటప్పుడు సీటు మీది నుంచి కాకుండా కింద నుంచి తీయమనండి, మ్యాట్ ఎత్తి ఒకటి, బండి జాకీ మీద లేపి ఒకటి. వాటిని కూడా అంతే పెద్దగా వేయండి.

నా పాత పెద్ద సీటును రెండంగుళాల బండ మీద బిగించి యార్డు ఆఫీసులో వేశాను. మా గుమాస్తా అందులో కూర్చుని బిల్లులు రాస్తాడు, మధ్యాహ్నం నిద్ర బాగా పడుతోందంటున్నాడు. కుర్రాళ్లెవరైనా కొలతలకు వస్తే స్టూలు, రెండు బండలు, టేపు అక్కడే ఉంటాయి. ఆదివారం పన్నెండు దాకా మాత్రమే.

ఇట్లు,
బండల వ్యాపారి, మీ పాత పాఠకుడు,
అనంతపురం