పోయిన నెల కిట్‌లో జీతాల ఫైలు పాడైంది, తప్పు మాదే: కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ టూల్స్ వేయించుకున్న వాళ్లందరికీ

నమస్తే. నల్లగొండ గడియారం చౌరస్తా దగ్గర మా షాపులో గ్నూకోబాల్ (పీసీలో నడిచే కోబాల్ కంపైలర్), హెర్క్యులిస్ (పీసీని మెయిన్‌ఫ్రేమ్‌లా నడిపించే ప్రోగ్రాం), యూనిక్స్ టూల్స్ వేయించుకున్న వాళ్లు ఇది చివరిదాకా చదవండి. పోయిన నెల పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ప్రాక్టీస్ కిట్‌లో రెండు తప్పులున్నాయి. రెండూ మా తరఫున జరిగినవే. జీతాల మొత్తం కుదరడం లేదని దేవరకొండ, మిర్యాలగూడ, సూర్యాపేట నుంచి ఫోన్ చేసినవాళ్లకు "ప్రోగ్రాం ఇంకోసారి చూసుకోండి" అని జవాబిచ్చాం. ఆ జవాబు వెనక్కి తీసుకుంటున్నాం. మీ ప్రోగ్రాం సరిగ్గానే ఉంది. పాడైంది మేమిచ్చిన ఫైలు.

ఎట్లా పాడైందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే రేపు ఉద్యోగంలో చేరాక ఇదే పొరపాటు మీ చేతిలోనూ జరగొచ్చు.

మెయిన్‌ఫ్రేమ్, అంటే బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు వాడే పెద్ద కంప్యూటర్, అక్షరాలను ఎబ్సిడిక్ అనే కోడ్‌లో దాస్తుంది, మన పీసీ ఆస్కీ అనే కోడ్‌లో దాస్తుంది. ఇంగ్లీషు పెద్ద ఏ అక్కడ హెక్స్‌లో (0–9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా వాడే 16 గుర్తుల లెక్క) సీ1, ఇక్కడ 41. ఖాళీ అక్కడ 40, ఇక్కడ 20. ఎఫ్‌టీపీలో (రెండు మిషన్ల మధ్య ఫైళ్లు పంపే పద్ధతి) టెక్స్ట్ మోడ్‌లో ఫైలు దించితే అది ప్రతి బైటునూ టేబుల్‌లో వెతికి ఇటువైపు కోడ్‌లోకి మార్చేస్తుంది. పేరు, ఊరు లాంటి కాలమ్స్‌కు అది మంచిదే. కానీ మన ఫైల్లో జీతం కాలమ్ కాంప్-3, అంటే ప్యాక్డ్ డెసిమల్. అందులో అక్షరాలుండవు. ఒక్కో బైటులో రెండేసి అంకెలు, చివరి సగం బైటులో గుర్తు ఉంటాయి. గుర్తు సీ అయితే ప్లస్, డీ అయితే మైనస్.

మొదటి రికార్డునే చూడండి. జీతం 18,450. ఏడంకెల కాంప్-3 కాబట్టి నాలుగు బైట్లు: 00 18 45 0సీ. టెక్స్ట్ మోడ్ దీన్ని అంకెలుగా చూడదు, నాలుగు అక్షరాలనుకుంటుంది. ఎబ్సిడిక్‌లో 45 అంటే నెత్తిన గీత ఉన్న చిన్న ఏ. ఆస్కీకి పొడిగింపైన లాటిన్-1లో ఆ అక్షరం కోడ్ ఈ1. దాంతో బైట్లు 00 18 ఈ1 0సీ అయ్యాయి. అంకె ఉండాల్సిన చోట ఇంగ్లీషు "ఈ" వచ్చి కూర్చుంది. అదే ఫైలును యూటీఎఫ్-8లోకి మారిస్తే ఇంకా ఘోరం: ఆ ఒక్క బైటు సీ3 ఏ1 అని రెండు బైట్లవుతుంది, దాని తర్వాత ఉన్న కాలమ్స్ అన్నీ ఒక స్థానం పక్కకు జరుగుతాయి.

అసలు మెయిన్‌ఫ్రేమ్ మీద ఇలాంటి బైట్లతో కూడిక చేయబోతే జాబ్ అక్కడికక్కడే ఎస్0సీ7తో ఆగిపోతుంది. అందరి నోట్లో నలిగిన సాక్ సెవెన్ అదే, డేటా ఎక్సెప్షన్. గ్నూకోబాల్ మాత్రం మామూలుగా కంపైల్ చేస్తే నోరెత్తదు. ఏదో ఒక మొత్తం వేసి చూపిస్తుంది, ప్రోగ్రాం మంచిగానే ముగుస్తుంది. మిమ్మల్ని ఇన్ని రోజులు తిప్పలు పెట్టింది ఈ మౌనమే. అందుకే ఇకనుంచి ప్రాక్టీస్ ప్రోగ్రాం ఏదైనా సరే, కాబ్‌సీకి (గ్నూకోబాల్‌లో కంపైల్ చేసే కమాండ్) హైఫన్ డీబగ్ అనే ఆప్షన్ ఇచ్చి కంపైల్ చేయండి. అప్పుడు పాడైన కాలమ్ పేరుతో సహా "నాట్ న్యూమరిక్" అని చెప్పి ఆగుతుంది. మొదట ఇచ్చిన సూచనల కాగితంలో ఆ ఆప్షన్ రాయకపోవడం కూడా మా లోపమే.

మీ దగ్గరున్న కాపీ పాడైందో లేదో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఫైల్లో 200 రికార్డులు, ఒక్కోటి 80 బైట్లు. సైజు కచ్చితంగా 16,000 బైట్లు ఉండాలి. టెక్స్ట్ మోడ్ ప్రతి రికార్డు చివర కొత్త లైను గుర్తు చేరుస్తుంది కాబట్టి పాడైన కాపీ 16,200 గానీ 16,400 గానీ చూపిస్తుంది. రికార్డు చివరి ఖాళీలు కత్తిరించబడితే తగ్గనూ వచ్చు. 16,000 కాకుండా ఏ అంకె వచ్చినా ఆ ఫైలు పక్కన పడేయండి. 16,000 వచ్చినా అంతటితో ఊరుకోకుండా బైట్లను హెక్స్‌లో చూపించే ఎక్స్‌ఎక్స్‌డీ కమాండ్‌తో తెరిచి 41వ బైటు నుంచి 44వ బైటు దాకా చూడండి. 00 18 45 0సీ ఉంటే ఫైలు బాగుంది. ఈ1 కనిపిస్తే చెడిపోయింది. చెడిన ఫైలును కోడ్ మార్చే ఐకాన్వ్ కమాండ్‌తో వెనక్కి తిప్పి బాగుచేసే ప్రయత్నం చేయొద్దు. చేర్చిన లైను గుర్తు ఏదో, డేటాలో ముందునుంచీ ఉన్న బైటు ఏదో తర్వాత విడదీయలేం.

కొత్త కిట్‌లో జీతాల ఫైలు రెండు రూపాల్లో ఉంది. ఒకటి బైనరీ మోడ్‌లో దించినది, బైటు కూడా మారలేదు. దాంట్లో పేరు, ఊరు కాలమ్స్‌ను మాత్రమే ఆస్కీలోకి మార్చి జీతాన్ని ముట్టుకోని చిన్న కోబాల్ ప్రోగ్రాం కూడా పెట్టాం. రెండోది కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం: జీతాన్ని మెయిన్‌ఫ్రేమ్ మీదే మామూలు అంకెల్లోకి, సైన్ లీడింగ్ సెపరేట్‌తో (ప్లస్, మైనస్ గుర్తు ముందు, వేరే బైటులో) రాయించి అప్పుడు దించాం. అంకెలు అంకెల్లాగే, ప్లస్ గుర్తు ప్లస్‌లాగే ఉంటాయి కాబట్టి టెక్స్ట్ మోడ్ దాన్ని ఏమీ చేయలేదు. రెండు మిషన్ల మధ్య డేటా పంపే పని ఎప్పుడొచ్చినా ఈ రెండో పద్ధతే అడగండి. సైను వేరే బైటులో పెట్టకపోతే చివరి అంకెలో కలిసిపోతుంది: ప్లస్ 5 పెద్ద ఈ అక్షరంగా, మైనస్ 5 పెద్ద ఎన్ అక్షరంగా కనిపించి ఇంకో తలనొప్పి మొదలవుతుంది.

పీసీ నుంచి మెయిన్‌ఫ్రేమ్‌లోకి ఎక్కించేటప్పుడూ ఇంతే జాగ్రత్త కావాలి. ఎక్స్‌మిట్ ఫైలును (మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్లను మూటగట్టి పంపే రూపం) బైనరీలో, ఎఫ్‌బీ 80 డేటాసెట్‌లోకి, అంటే 80 బైట్ల స్థిర రికార్డులుండే మెయిన్‌ఫ్రేమ్ ఫైల్లోకి పంపాలి. టెక్స్ట్‌లో పంపితే రిసీవ్ కమాండ్ దాన్ని ఎక్స్‌మిట్ ఫైలుగా గుర్తుపట్టదు.

రెండో తప్పు చిన్నదే. కిట్‌లోని సెటప్ స్క్రిప్టును విండోస్‌లో సవరించి అలాగే పెన్‌డ్రైవ్‌లో వేశాం. విండోస్ ప్రతి లైను చివర రెండు గుర్తులు పెడుతుంది, యూనిక్స్ ఒక్కటే పెడుతుంది. మిగిలిన ఆ ఒక్క గుర్తు మొదటి లైనుకు అంటుకుపోయి, స్క్రిప్టు నడిపే బాష్ పేరు చివర టోపీ గుర్తు, ఎమ్ చూపించి "బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్" అంటుంది. బాష్ లేదేమోనని కొందరు ఉబుంటు మొత్తం తీసేసి మళ్లీ వేసుకున్నారు. క్షమించండి, అంత అవసరం లేదు. ఆ స్క్రిప్టు మీద డాస్2యూనిక్స్ ఒకసారి నడిపితే చాలు. ఇంకో మాట: విండోస్‌లోనే లైనక్స్ నడుపుకునేవాళ్లు కిట్‌ను సీ డ్రైవులో కాకుండా లైనక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. అక్కడ కంపైల్ చాలా వేగంగా అవుతుంది.

ఇప్పుడు ఎక్కువమంది అడుగుతున్న మిగతా ఇబ్బందులు.

గ్నూకోబాల్ 3.2ను సోర్స్ నుంచి కట్టుకున్నవాళ్లకు "లిబ్‌కాబ్ ఎస్‌ఓ 4 దొరకలేదు" అని వస్తే ఇన్‌స్టాల్ చెడిపోయినట్టు కాదు. కాన్ఫిగర్, మేక్, మేక్ చెక్, సుడో మేక్ ఇన్‌స్టాల్ అయ్యాక సుడో ఎల్‌డీకాన్ఫిగ్ నడపడం మర్చిపోయారంతే. అది నడిపితే కొత్త లైబ్రరీ ఎక్కడుందో సిస్టమ్‌కు తెలుస్తుంది. ఇండెక్స్‌డ్ ఫైలు తెరవగానే స్టేటస్ 91 వస్తుంటే మాత్రం మళ్లీ కట్టాల్సిందే. కాన్ఫిగర్ చేసిన రోజు ఇండెక్స్‌డ్ ఫైళ్లకు కావాల్సిన బెర్క్లీ డీబీ (లిబ్‌డీబీ) డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేదన్నమాట. కాబ్‌సీ ఇన్ఫోలో ఇండెక్స్‌డ్ ఫైల్ హ్యాండ్లర్ లైను చూడండి. డిజేబుల్డ్ అని ఉంటే ముందు లిబ్‌డీబీ, జీఎంపీ, ఎన్‌కర్సెస్ మూడింటి డెవ్ ప్యాకేజీలూ వేసుకుని కాన్ఫిగర్ నుంచి మొదలుపెట్టండి. మేక్ చెక్ దాటేయొద్దు. అది నడవడానికి కొంత టైం పడుతుంది, అయినా దాన్ని దాటేసినవాళ్లే తర్వాత ఎక్కువ టైం పోగొట్టుకుంటున్నారు.

కోబాల్ రాసేటప్పుడు కాలమ్ లెక్క. 1 నుంచి 6 సీక్వెన్స్ నంబరుకు, 7 గుర్తుకు, 8 నుంచి 11 ఏరియా ఏ, 12 నుంచి 72 ఏరియా బీ. 72 దాటింది ఏదైనా కంపైలర్ చదవదు. పొడుగు లైను చివర పెట్టిన ఫుల్‌స్టాప్ 73లో పడితే కంటికి కనిపిస్తుంది, కంపైలర్‌కు కనిపించదు. ఎర్రర్ ఇంకో లైను మీద వస్తుంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో 7, 72 దగ్గర నిలువు గీతలు పెట్టి ఇస్తున్నాం, తీసేయకండి.

హెర్క్యులిస్‌కు పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. అందులో నడిచే ఎంవీఎస్ 3.8జే (ఐబీఎం పాత మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) వాడేదే 16 ఎంబీ మెమరీ. ర్యామ్ పెంచాలని ఎవరైనా చెబితే దీనికోసం మాత్రం డబ్బులు పెట్టకండి. కానీ దాంతో వచ్చే కోబాల్ కంపైలర్ 1968 ప్రమాణం నాటిది. ఎండ్-ఇఫ్, ఎవాల్యుయేట్ 1985 ప్రమాణంతో వచ్చాయి, కాబట్టి అక్కడ అవి ఎర్రరే. ఇఫ్‌ను ఫుల్‌స్టాప్‌తో ముగించాలి. మా సలహా ఇది: జేసీఎల్ (మెయిన్‌ఫ్రేమ్‌కు జాబ్ ఇచ్చే భాష), డేటాసెట్లు, టీఎస్ఓ (లాగిన్ అయి కమాండ్లు ఇచ్చే చోటు) చేతికి అలవాటు కావడానికి హెర్క్యులిస్ వాడండి, కోబాల్ మాత్రం గ్నూకోబాల్‌లో ఐబీఎం స్టాండర్డ్ ఆప్షన్ పెట్టుకుని నేర్చుకోండి.

కరెంటు సంగతి జర గట్టిగా చెబుతున్నాం. బ్యాటరీ పోయిన ల్యాప్‌టాప్‌లో హెర్క్యులిస్ నడుస్తుండగా కరెంటు పోయినా, విండోను మూలన ఇంటూ నొక్కి మూసినా డిస్క్ ఇమేజ్ పాడయ్యే ప్రమాదముంది. ముందు టీఎస్ఓ నుంచి లాగాఫ్ చేయాలి, కన్సోల్‌లో జాబ్‌లు చూసుకునే జెస్2ను ఆపాలి, సిస్టమ్‌ను ముగించే జెడ్ ఈఓడీ కమాండ్ ఇవ్వాలి, ఆ తర్వాతే క్విట్. వారానికోసారి సిస్టమ్ పూర్తిగా ఆపిన తర్వాత మొత్తం ఫోల్డర్ కాపీ తీసి పెట్టుకోండి. నడుస్తుండగా తీసిన కాపీ పనికిరాదు.

వీఎస్ కోడ్‌ను మెయిన్‌ఫ్రేమ్‌కు కలిపే జోవీతో నిజమైన జెడ్/ఓఎస్‌కు (ఐబీఎం ఇప్పటి మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) కనెక్ట్ అయ్యేవాళ్లు ఒకటి చూసుకోండి. పాస్‌వర్డ్ మార్చాక వీఎస్ కోడ్‌లో దాచిన పాత పాస్‌వర్డ్‌ను ఎంబడే మార్చాలి. లేకపోతే అది పాతదానితోనే మళ్లీ మళ్లీ ప్రయత్నించి, మీరు ఏమీ నొక్కకుండానే ఆర్‌ఏసీఎఫ్‌లో (మెయిన్‌ఫ్రేమ్ భద్రత చూసే సాఫ్ట్‌వేర్) మీ ఐడీ రివోక్ అవుతుంది, అంటే లాగిన్ ఆగిపోతుంది.

హెర్క్యులిస్ మీద జెడ్/ఓఎస్ వేసి ఇవ్వమని అడుగుతున్నారు. వేయం. దానికి లైసెన్సు లేదు, తిరుగుతున్న కాపీలన్నీ దొంగవే. నిజమైన జెడ్/ఓఎస్ చూడాలంటే ఐబీఎం వాళ్ల జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో ఉచితంగా ఐడీ తీసుకోవచ్చు. ఆ ఐడీకి వీఎస్ కోడ్, జోవీ కలిపి ఇవ్వడం మా పని.

కొత్త కిట్‌కు డబ్బులు లేవు. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఏ రోజైనా పొద్దున 10 నుంచి సాయంత్రం 7 లోపు రండి, ఆదివారం మధ్యాహ్నం దాకే. దూరం ఊళ్లవాళ్లు బస్సు చార్జీలు పెట్టుకుని రానవసరం లేదు, ఫోన్ చేస్తే లింకు పంపుతాం. తప్పుడు మొత్తాల వల్ల మళ్లీ ఇన్‌స్టాల్ చేయించుకుని రెండోసారి ఫీజు కట్టినవాళ్లు రసీదు తెస్తే ఆ డబ్బు తిరిగిస్తాం. వచ్చేముందు ఎక్స్‌ఎక్స్‌డీలో 41 నుంచి 44 దాకా బైట్లు ఏం చూపించాయో ఒక కాగితం మీద రాసుకురండి, పని సగం అక్కడే అయిపోతుంది.