మేడ మీద నుంచి పడిన ముక్క గురించి: నవంబర్ నెల వార్తాలేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం మామూలుగా పరీక్షల తేదీలతో మొదలు కావాలి. కానీ ఆ వీడియో సంగతి తేల్చకుండా తేదీలు రాస్తే ఎవరూ చదవరని నాకు తెలుసు. గురువారం సాయంత్రం నుంచి వచ్చిన ఫోన్లు లెక్కపెట్టడం నలభై దగ్గర మానేశాను. శుక్రవారం పొద్దున తొమ్మిది మంది టీసీ కావాలని వచ్చి నిలబడ్డారు. ఒక నాన్నగారు దుబాయి నుంచి ఫోన్ చేసి, "మేడం, బడి కూలిందంట, మావాడు క్షేమమేనా" అని ఏడ్చినంత పని చేశారు. వాళ్ళబ్బాయి అప్పటికి నా టేబుల్ ఎదురుగానే నిలబడి ఉన్నాడు, చేతిలో సగం తిన్న సమోసాతో.

జరిగింది ఇది. గురువారం బడి వదిలాక పదో తరగతి పిల్లలు ముగ్గురు మేడ మీదికి ఎక్కారు. మెట్ల తలుపుకి తాళం వేసే ఉంది. ఆ చెవి ఏ మేకుకి వేలాడుతుందో వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. రీల్ తీయాలని ఎక్కారు. ఒకడు పిట్టగోడ మీద కాలు పెట్టి, కెమెరా వైపు వేలు చూపించి డైలాగ్ మొదలుపెట్టాడు. పూర్తయ్యే లోపే గోడ మీదున్న కలశం ఆకారపు సున్నపు బొమ్మ విరిగి, కింద వేపచెట్టు అరుగు మీద పడింది. కొబ్బరికాయంత ముక్క. మధ్యాహ్నం మన ఆరో తరగతి ఆడపిల్లలు కూర్చుని అన్నం తినే అరుగు అది. ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరు. ఉండి ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను.

నాలుగోవాడు కింద నుంచి తీస్తున్నాడు. దానికి ఏడుపు పాట తగిలించి, "మా పాత బడి కూలిపోయింది" అని రాసి పెట్టాడు. ఆ తర్వాత అది మీ చేతుల్లోకి వచ్చింది. మీలో ఎంతమంది దాన్ని ఎన్ని గ్రూపుల్లోకి పంపారో నేను అడగను. నాకే పదకొండు సార్లు వచ్చింది, అందులో రెండుసార్లు మన స్టాఫ్ నుంచి.

శనివారం ఇంజనీర్ గారు వచ్చారు. ప్రతి గదిలో గోడని చిన్న సుత్తితో కొట్టి చెవి పెట్టి విన్నారు. డొల్ల చప్పుడు వచ్చిన చోట సుద్దముక్కతో గీత గీశారు. అలాంటి గీతలు నాలుగే పడ్డాయి, నాలుగూ పిట్టగోడ మీదే. తరగతి గదుల్లో ఒక్కటీ లేదు. మన గోడల మందం చూశారు కదా, కిటికీ గూట్లో పిల్లాడు కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు (కూర్చుంటున్నారు కూడా). అవి డంగు సున్నంతో కట్టిన గోడలు. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసి రోజుల తరబడి పదును పెట్టేవాళ్ళు. సున్నపు గోడ లోపలి చెమ్మని బయటికి వదిలేస్తుంది. కొన్నేళ్ళ కింద ఎవరో పిట్టగోడ పగుళ్ళకి పైనుంచి సిమెంటు పూశారు. సిమెంటు చెమ్మని వదలదు. అది లోపలే ఉండిపోయి సున్నాన్ని పిండి చేస్తుంది. ఆ పిల్లాడు కాలు పెట్టింది సరిగ్గా అలాంటి చోటే. ఆ నాలుగు చోట్లా సిమెంటు తీయించి మళ్ళీ సున్నంతోనే పని చేయిస్తారు. అంతవరకు వేపచెట్టు చుట్టూ తాడు కట్టించాను. పిల్లలు వరండాలో తింటారు. టీసీ అడిగిన తొమ్మిది మందిలో ఎనిమిది మంది వెనక్కి తీసుకున్నారు. తొమ్మిదో ఆయన ఆలోచిస్తున్నారు, ఆలోచించుకోనివ్వండి.

ఇక శిక్ష సంగతి. దీని మీద కూడా గ్రూపుల్లో బాగానే నడిచిందని విన్నాను. "పదో తరగతి పిల్లలతో ఉర్దూ పుస్తకాలు మోయిస్తున్నారంట" అని ఒక అమ్మ ఆఫీసులోనే అన్నారు. మోయించడం లేదమ్మా, చదివిస్తున్నాను.

మన స్టోర్ రూములో, విరిగిన బెంచీల వెనక, ఒక ఇనుప బీరువా ఉంది. అందులో పాత దాఖిలా ఖారిజా రిజిస్టర్లు ఉన్నాయి, అంటే బడిలో చేరినవాళ్ళు, వెళ్ళిపోయినవాళ్ళ పుస్తకాలు. మిగిలిన వాటిలో అన్నిటికంటే పాతది 1341 ఫస్లీ నాటిది. ఫస్లీ అంటే నిజాం కాలపు ఏడాది లెక్క. ఆ ఏడాది మన అక్టోబర్‌లో మొదలయ్యేది. ఫస్లీ సంవత్సరానికి 590 కలపండి, అది మొదలైన ఏడాది 1931 వస్తుంది. అంతా ఉర్దూ చేతిరాత. నెలల పేర్లు అమర్దాద్, మెహర్, ఆబాన్ అని ఉంటాయి. ఫీజు హాలీ సిక్కాల్లో, అంటే నిజాం రూపాయల్లో. నిజాం రాజ్యంలో సర్కారు బడుల్లో ఎక్కువగా ఉర్దూలోనే చదువు. ఇంట్లో తెలుగో మరాఠీయో మాట్లాడే పిల్లలు కూడా లెక్కలు, భూగోళం ఉర్దూలోనే నేర్చుకున్నారు. మన దగ్గర ఉర్దూ చెప్పి రిటైరైన సార్‌ని బతిమాలి పిలిపించాను. బడి వదిలాక రోజూ ఒక గంట, ఆయన చదువుతారు, ముగ్గురూ తెలుగులో నోట్‌బుక్కులో ఎక్కిస్తారు. మూడు వారాలు. అదీ శిక్ష.

మొదటి రెండు రోజులు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. మూడో రోజు నేను తొంగిచూస్తే, ఆ డైలాగ్ చెప్పినవాడే, పుస్తకం మీద ఒంగి, వేలితో గడి గడికీ జరుపుతూ కూడబలుక్కుంటున్నాడు: నామ్, వల్దియత్, సకూనత్, పేషా. పేరు, తండ్రి పేరు, ఇల్లు, వృత్తి. ఒకే పేజీలో ఒక వకీలు కొడుకు, కింద తాంగా తోలే ఆయన కొడుకు, ఆ కింద గాజుల వ్యాపారి కొడుకు. తాంగా ఆయన కొడుకు పేరుకి ఎదురుగా ఖారిజ్ గడిలో ఎర్ర సిరాతో "అదమ్ అదాయిగీ ఫీస్" అని ఉంది. ఫీజు కట్టలేదు, పేరు కొట్టేశారు. మావాడు అక్కడితో ఆగలేదు. తనంతట తనే పేజీలు తిప్పి, రెండు నెలల తర్వాత అదే పేరు, అదే తండ్రి, కొత్త నంబరుతో మళ్ళీ చేరినట్టు పట్టుకున్నాడు. "మేడం, వాళ్ళ నాన్న ఎట్ల కట్టిండు ఫీజు?" అని అడిగాడు. పదేళ్ళు చదివి వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది, మార్కుల గురించి కాకుండా.

1357 ఆబాన్ పేజీ వచ్చింది. ఆబాన్ ఫస్లీ ఏడాదిలో చివరి నెల, కాబట్టి అది 1948 సెప్టెంబర్: భారత సైన్యం వచ్చి నిజాం రాజ్యాన్ని స్వాధీనం చేసుకున్న పోలీసు చర్య నెల. వెళ్ళిపోయిన పిల్లల పేర్లు వరసగా ఉన్నాయి, కారణం గడి అన్నిటికీ ఖాళీ. పిల్లలు ఎందుకని అడిగారు. సార్ "ముందుకు పదండి" అన్నారు.

ఆ రిజిస్టర్లని ఒకప్పుడు చెదలు పట్టాయని పాత కాగితాలవాడికి వేసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇక ముందూ ఒప్పుకోను. మార్కుల మెమో పోతే డూప్లికేట్ తెచ్చుకోవచ్చు. ఆ తాంగా ఆయన కొడుకు మళ్ళీ చేరాడనే సంగతి ఈ లోకంలో ఇంకెక్కడా రాసి లేదు. వరదలు చూసిన ఊరు మనది. రాజులు పోయారు, భాష మారింది, నాణెం మారింది, కేలండరే మారిపోయింది. వీటన్నిటి మధ్య ఎవరో ఒక గుమాస్తా రోజూ పొద్దున కూర్చుని, ఏ పిల్లాడు వచ్చాడు, ఏ పిల్లాడు రాలేదు అని రాసుకుంటూ పోయాడు. మీ పిల్లల పేర్లు కూడా ఆ వరసలోనివే. ప్రైవేటు బడి రంగు గోడలు చూసి "మాది పాత బడి మేడం" అని చిన్నబుచ్చుకుని చెప్పే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, క్షమించాలి.

ఈ హడావిడిలోనే ఆదివారం తొమ్మిదో తరగతి వాళ్ళని నడిపించుకుని ఊరు చూపించాం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు దగ్గర మొదలుపెట్టాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అక్కడి నుంచి నది ఒడ్డున ఉన్న సిటీ కాలేజీకి వెళ్ళాం. ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ ప్లాను గీసిన ఆ ఎర్ర భవనం 1921లో తయారైంది, అప్పుడు అది సిటీ హైస్కూలు. తొమ్మిది 'బి' అమ్మాయి ఒకతె (పేరు రాయను, దిష్టి తగులుతుందని వాళ్ళమ్మ ముందే చెప్పింది) నిలబడి అడిగింది: "పదమూడేళ్ళ కింద మునిగిన ఒడ్డు మీదనే ఇంత పెద్ద బడి ఎందుకు కట్టిన్రు?" మా సోషల్ సార్ ఒక్క క్షణం తడబడ్డారు. తర్వాత ఆ అమ్మాయే, వరద ఆపడానికి ఇంజనీర్ విశ్వేశ్వరయ్యని పిలిపించడం, నదికి పైన ఉస్మాన్ సాగర్ ఆనకట్ట కట్టడం కలిపి జవాబు తనే చెప్పేసుకుంది. ఆనకట్ట 1920లో అయింది, బడి 1921లో. నేను నలుగురికీ చెప్పుకుంటున్నాను, మీకూ చెబుతున్నాను. ఆ పిల్ల ఐఏఎస్ అవుతుందని వాళ్ళ మావయ్య అంటున్నారట. ఏమైనా అవనివ్వండి, ముందు డిగ్రీ దాకా పెళ్ళి మాట ఎత్తకండి.

అదే సిటీ కాలేజీ దగ్గర 1952 సెప్టెంబర్‌లో ముల్కీ (స్థానికుల) ఉద్యమంలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయని చెప్పినప్పుడు, ఎప్పుడూ కుదురుగా ఉండని వెనక వరస కూడా కదల్లేదు. స్థానికులకు రావాల్సిన ఉద్యోగాలు, అందులోనూ టీచర్ ఉద్యోగాలు, బయటివాళ్ళకు పోతున్నాయనే ఆ గొడవ మొదలైంది. మధ్యలో మిర్చిబజ్జీలకి ఆగాం, అది వేరే సంగతి.

జాంబాగ్‌లో వివేకవర్ధిని బడి ముందు ఇంకో కథ చెప్పాను. 1921 నవంబర్ 12న అక్కడి థియేటర్లో సంఘ సంస్కరణ సభ జరిగింది, అధ్యక్షుడు పుణె సంఘ సంస్కర్త మహర్షి కర్వే. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడితే విన్నారు. ఒకాయన తెలుగులో మొదలుపెట్టగానే ఈలలు, చప్పట్లతో కూర్చోబెట్టేశారు. ఆ రాత్రే పదకొండు మంది కలిసి తెలుగువాళ్ళ కోసం ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. 1928లో నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారు తెలుగులో చదువు చెప్పే ఆడపిల్లల బడి పెడితే ఇక్కడ గుర్తింపు దొరకలేదు, పుణె వైపు వెళ్ళి కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇది విని మన పిల్లలు నవ్వారు. "మరి మా అమ్మ ఇంట్లో తెలుగు మాట్లాడొద్దంటది మేడం, ఇంగ్లీష్ పాడైతదంట" అని ఒకడు అన్నాడు. ఆ అమ్మ ఎవరో నాకు తెలుసు, ఇది చదువుతున్నారని కూడా తెలుసు. ఇంగ్లీషు మేం నేర్పిస్తాం. తెలుగు మీరు ఆపకండి, చాలు.

తేదీలు: పదో తరగతి పరీక్ష ఫీజు ఈ నెల్లోనే కట్టాలి, చివరి రోజు దాకా ఆగకండి. నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసేవాళ్ళ జాబితాలో) పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ మీ కళ్ళతో చూసి సంతకం పెట్టండి. అపార్ నంబరుకి (విద్యార్థి గుర్తింపు నంబరు) ఆధార్ ఇవ్వనివాళ్ళు ఇరవై ఆరు మంది ఉన్నారు. రెండో జత యూనిఫాం వచ్చింది. బాలల దినోత్సవానికి పిల్లలు నాటిక వేశారు, బాగుంది.

ఇక ఇంటి సంగతులు. మొదటి గంట కొట్టాక గేటు ఎక్కి దూకే పిల్లాడి వెనకాలే నాన్నగారు స్కూటర్ మీద ఉండి "దూకు దూకు" అంటున్నారు, ఇది నేను కళ్ళారా చూశాను. బాక్సులో అన్నం బదులు పది రూపాయల చిప్స్ ప్యాకెట్లు మూడు పెట్టే అమ్మలు దయచేసి ఇక్కడ మధ్యాహ్న భోజనం ఉందని గుర్తుంచుకోండి, గుడ్డు కూడా పెడతాం. మేనత్త కూతురి పెళ్ళికి పన్నెండు రోజులు సెలవు అడిగారు ఒకరు. పెళ్ళి రెండు రోజులదే కదా అంటే, "మళ్ళీ మళ్ళీ వస్తుందా మేడం" అన్నారు. పదో తరగతి కూడా మళ్ళీ మళ్ళీ రాకూడదనే మన కోరిక.

ఫోన్ గురించి ఒక్కమాట. ఆ ముగ్గురి ఫోన్లూ నా బీరువాలో ఉన్నాయి, బీరువా కంటే అవే ఖరీదు. తిరిగి ఇవ్వమని వచ్చిన పెద్దలు ముగ్గురూ ఒకే మాట అన్నారు: "మేం చెబితే వినడు మేడం, మీరే చెప్పాలి." రోజులో ఎనిమిది గంటలు నా దగ్గర, పదహారు గంటలు మీ దగ్గర. చెబితే విననివాడికి కొనిస్తే మాత్రం తీసుకున్నాడు కదా. మూడు వారాలు నిండగానే ఇచ్చేస్తాను. ఇకమీదట ఏదైనా వీడియో వస్తే పంపే ముందు నాకొక ఫోన్ చేయండి. మేడ తాళంచెవి ఇప్పుడు నా పర్సులో ఉంటుంది.

చివరగా ఒక సాయం కావాలి. పిల్లలు 1358 ఫస్లీ దాకా వచ్చారు. అక్కడ గుమాస్తా మారినట్టున్నాడు, చేతిరాత మరీ అధ్వాన్నం, సార్ కూడా చేతులెత్తేస్తున్నారు. మీ ఇళ్ళల్లో పాత శికస్తా రాత (ఉర్దూ గొలుసుకట్టు రాత) చదవగల తాతలు, నానమ్మలు ఎవరైనా ఉంటే సోమవారం నుంచి సాయంత్రం నాలుగున్నరకి పంపించండి. కుర్చీ వేస్తాం. ఇరానీ చాయ్ నా ఖర్చు.

ఇట్లు,
మీ పిల్లల ప్రధానోపాధ్యాయురాలు