గోడ మీద బాబ్ హేస్ పేరు

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? పోయిన ఆదివారం ఇక్కడ డల్లాస్ పక్కనే ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు స్టేడియం చూసొచ్చాను. తమ జట్టు పేరు నిలబెట్టిన ఆటగాళ్ల పేర్లు లోపల చుట్టూ రాసి పెట్టారు. అందులో బాబ్ హేస్ పేరు కనబడగానే నువ్వే గుర్తొచ్చావురా. పొద్దున వంద మీటర్లు, సాయంత్రం కబడ్డీ అని తిరిగే నిన్ను "ఏదో ఒకటే చూసుకో" అంటూ కాలేజీలో ఎంతమంది విసిగించారో!

ఇక్కడి ఫుట్‌బాల్ మనది కాదు, కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. హేస్ ఫ్లోరిడాలో పుట్టిన నల్లజాతి కుర్రాడు. వర్ణ వివక్ష రోజులు కాబట్టి, నల్లవాళ్ల కాలేజీ అయిన ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్‌లో చేరాడు. అక్కడ ఫుట్‌బాల్ ఆడుతూనే ట్రాక్ మీదా పరిగెత్తాడు. 1963లో 100 గజాలు 9.1 సెకన్లలో కొట్టి ప్రపంచ రికార్డు పెట్టాడు.

మరుసటి ఏడు టోక్యో ఒలింపిక్స్. ఫైనల్లో అతనికి ఒకటో లేన్ వచ్చింది. అప్పటి ట్రాక్ ఇప్పటిలా రబ్బరుది కాదు, పొడి పరిచి చదును చేసిన నేల. అంతకుముందే నడక పందెం వాళ్లు తొక్కి తొక్కి ఆ లేన్‌ని గుల్ల చేసేశారు. పైగా ఒక బూటు కనబడక, తోటి ఆటగాడి దగ్గర అరువు తెచ్చుకున్నాడు. కాళ్లు లోపలికి తిప్పుకుని, భుజాలు ఊపుకుంటూ పరిగెత్తేవాడు. చూడ్డానికి సొంపుగా ఉండదు కానీ, 10.0 సెకన్లు! రెండో అతను రెండు మీటర్లు వెనక. రిలేలో అయితే బ్యాటన్ చేతికొచ్చేసరికి అమెరికా ఐదో స్థానంలో ఉంది. అక్కణ్ణుంచి అందరినీ దాటేసి బంగారం తెచ్చాడు. ఆ చివరి వంద మీటర్లు ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

1965లో కౌబాయ్స్‌లో చేరాడు. మొదటి సీజన్లోనే బంతి అందుకుని 1003 గజాలు ముందుకు తీసుకెళ్లాడు, 12 టచ్‌డౌన్లు (అవతలి గీత దాటించి పాయింట్లు తేవడం) కొట్టాడు. ఒక్కడు కాపలా కాస్తే ఆగే మనిషి కాదు కదా, అందుకే అవతలి జట్లు మనిషిని వదిలేసి మైదానంలో చోటుని కాపలా కాయడం మొదలుపెట్టాయి. 1972 జనవరిలో సూపర్ బౌల్, అంటే ఆ ఆట ఛాంపియన్‌ని తేల్చే ఫైనల్ కూడా గెలిచాడు. ఒలింపిక్ బంగారం, సూపర్ బౌల్ గెలిచినవాళ్లకిచ్చే ఉంగరం రెండూ ఉన్నది అతనొక్కడికేనట.

ఆ తర్వాత 1979లో డ్రగ్స్ కేసులో జైలుకెళ్లాడు, పది నెలలు ఉన్నాడు. తప్పు తప్పే, నేను కాదనను. కానీ ఆ కారణంగా అతని ఆటనే పక్కన పెట్టేయడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుందిరా. 2001లో కౌబాయ్స్ వాళ్లు ఈ గోడ మీదకి పేరెక్కించారు. అప్పటికే ఆరోగ్యం బాగా దెబ్బతింది, అయినా వచ్చి నిలబడ్డాడు. మరుసటి ఏడే పోయాడు, 59 ఏళ్లకే. ఆటలో మేటివాళ్లని గౌరవించే ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు చోటిచ్చింది 2009లో. బతికుండగా ఇచ్చి ఉంటే ఏం పోయేది చెప్పు?

నీ దగ్గర గ్రౌండ్‌కొచ్చే పిల్లలకి ఆ రిలే వీడియో తప్పకుండా చూపించు. రెండాటలు ఆడతానని వచ్చినవాణ్ణి వెనక్కి పంపకు. అన్నట్టు, నీ పాత స్పైక్స్ ఇంకా ఉన్నాయా? సంక్రాంతికి వస్తున్నా, తీసి దుమ్ము దులిపి పెట్టు.

నీ బావ