పెళ్లి గుర్రాలకు నీడ, నీళ్లు ఏర్పాటు చేయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి ముహూర్తాలు మొదలైతే కడపలోనూ, ప్రొద్దుటూరులోనూ కల్యాణ మండపాల ముందు గుర్రాలు, పెళ్లి రథాలు కనిపిస్తాయి. సాయంత్రం మెరవణికి మాట్లాడుకున్న గుర్రాన్ని చాలాసార్లు మధ్యాహ్నమే తెచ్చి తారురోడ్డు పక్కన ఎండలో కట్టేస్తారు. అలంకారం చెదురుతుందని కళ్లెం తీయరు కాబట్టి అది సరిగా మేయలేదు, తృప్తిగా నీళ్లు తాగలేదు. రాత్రి పని ముగిశాక, పాపం పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ఉలవలో, తవుడో, విందులో మిగిలిన అన్నమో ఒక్కసారిగా ముందు పోస్తారు. పశువైద్య శాఖలో పనిచేసి విరమించిన నాకు తెలిసినంతవరకు, గుర్రాన్ని ఎక్కువగా దెబ్బతీసేది పగలు పస్తు, రాత్రి విందు అనే ఈ అలవాటే.

ఎద్దును సాకినట్టు గుర్రాన్ని సాకడం కుదరదు. ఎద్దు పొద్దున మేసినదాన్ని నీడన పడుకొని నెమరు వేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు, పొట్ట కూడా 8 నుంచి 15 లీటర్లకు మించి పట్టదు. మేత లేకపోయినా ఆ పొట్టలో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది గనుక గంటల తరబడి ఖాళీగా ఉంటే పుండ్లు పడతాయి. ఆ తర్వాత ఒక్కసారిగా గింజలు ఎక్కువగా తింటే అవి పూర్తిగా అరగకుండానే పెద్దపేగుకు చేరి పులిసి, కడుపుశూలకు, గిట్టల లోపలి వాపుకు దారితీస్తాయి. తిన్నది కక్కే వీలు కూడా గుర్రానికి లేదు. మాటిమాటికీ డొక్కవైపు చూసుకోవడం, ముందుకాలితో నేలను గీరడం, పడుకొని పొర్లడం, లద్దె వేయకపోవడం కనిపిస్తే వెంటనే పశువైద్య సేవల 1962 నంబరుకు ఫోన్ చేసి వైద్యుణ్ని పిలిపించాలి. ఈలోగా సొంత వైద్యంగా తల ఎత్తిపట్టి నోట్లో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

300 కిలోల గుర్రానికి రోజుకు 5, 6 కిలోల ఎండుమేత కావాలి, దాన్ని కొంచెం కొంచెంగా రోజంతా అందించాలి; నానబెట్టిన ఉలవలు పనిని బట్టి రెండు మూడు పూటలుగా పెడితే చాలు. మన దగ్గర దొరికే వేరుశనగ కట్టె మంచి మేతే కానీ, మట్టి దులపకుండా వేస్తే ఆ ఇసుక పేగుల్లో పేరుకుపోతుంది, తడిసి బూజు పట్టినదైతే అసలే పనికిరాదు. దక్షిణ తీరంలో గుర్రాలకు మాంసం కలిపి వండిన అన్నం పెడుతున్నారని, సంరక్షణ తెలియక అవి చనిపోతున్నాయని 13వ శతాబ్దంలోనే మార్కో పోలో రాశాడు. మండపాల వెనుక మిగిలిన బిర్యానీని గుర్రం ముందు కుమ్మరిస్తుంటే ఆ సంగతే గుర్తుకొస్తుంది. ఇక నీళ్ల విషయానికొస్తే, ఊరికే నిలబడిన గుర్రానికే రోజుకు సుమారు 25 లీటర్లు కావాలి, ఎండలో పనిచేస్తే అంతకు రెట్టింపు పట్టవచ్చు. చెమటతో పోయే ఉప్పును కూడా దాణాతో ఇవ్వాలి.

చట్టం లేక కాదు. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనల ప్రకారం ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు వాటితో పని చేయించకూడదు. రోజు మొత్తం మీద 9 గంటలు, విరామం లేకుండా 5 గంటలు మించకూడదు. కడప వేసవిలో 37 డిగ్రీలు దాటని రోజును వెతుక్కోవాలి. చాలినంత మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమే. అయితే మొదటిసారి తప్పుకు అందులో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు! కాబట్టి కేసులకన్నా వసతి కల్పించడమే మేలని నా అభిప్రాయం. గుర్రాల యజమానుల్లో చాలామంది ముహూర్తాల సంపాదనతో ఏడాదంతా నెట్టుకొచ్చేవారే, వారిని దోషులుగా నిలబెట్టి సాధించేది లేదు.

నగరపాలక సంస్థ మండపాలు ఎక్కువగా ఉన్న వీధుల్లో ఒక రేకుల నీడ, ఒక కుళాయి ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. ఉమ్మడి తొట్టి మాత్రం కట్టవద్దు. మనుషులకూ సోకే గ్లాండర్స్ వంటి జబ్బులు ఒకే తొట్టిలో తాగడం వల్ల ఒక గుర్రం నుంచి మరొకదానికి పాకగలవు. ఎవరి బకెట్టు వారు తెచ్చుకొని పట్టుకుంటే ఆ భయం ఉండదు. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల వారు ముహూర్తాలకు ముందు ఒక శిబిరం పెట్టి, ధనుర్వాతం టీకాలు వేసి, గ్లాండర్స్ పరీక్షకు రక్తం తీసి, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలని యజమానులకు చూపించి చెబితే బాగుంటుంది. మండపాల యజమానులు కూడా గుర్రాన్ని మెరవణికి గంట ముందు మాత్రమే తీసుకురావాలని బుకింగ్ కాగితం మీదే రాయించాలి.

ఒక విశ్రాంత పశువైద్య ఉద్యోగి,
కడప