మీ ఫైటర్ అలక గురించి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చదివాను. నువ్వు నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో (అదే, బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు వేసి పాచికలతో ఆడే కథ) ఐదో లెవెల్‌కి వచ్చినప్పటి నుంచీ మీ ఫైటర్, అంటే కత్తి పట్టే యోధుడు, మొహం మాడ్చుకుని కూర్చుంటున్నాడనీ, విజర్డ్ అనే మంత్రగాడి రెక్కలు కత్తిరించాలా లేక ఫైటర్ చేతిలో ఓ మ్యాజిక్ కత్తి పెట్టి ఊరుకోబెట్టాలా అనీ అడిగావు. రెండూ వద్దు. కనీసం ఇది చదివేదాకా ఆగు.

ముందు నీకిష్టమైన లెక్కలే చూద్దాం. మీరు ఆడేది ఐదో ఎడిషన్, 2014ది కదా. ఐదో లెవెల్ ఫైటర్ పెద్ద కత్తితో ఒక టర్న్‌లో రెండు దెబ్బలు వేస్తాడు. స్ట్రెంగ్త్ 18 ఉందనుకుంటే ఒక్కో దెబ్బకి రెండు ఆరు ముఖాల పాచికలు, పైన ఆ బలానికి బోనస్ 4, అంటే సగటున 11. రెండూ తగిలితే 22, అదీ సాధారణంగా ఒకడి మీదే. సరిగ్గా అదే లెవెల్లో విజర్డ్‌కి ఫైర్‌బాల్ అనే స్పెల్ (మంత్రం) వచ్చిపడుతుంది. అలాంటివే ఎనిమిది పాచికలు, సగటున 28, చుట్టూ 20 అడుగుల లోపు ఎవడున్నా సరే, సేవ్ చేసుకున్నవాడికి, అంటే పాచిక వేసి కాచుకున్నవాడికి, కూడా సగం తప్పదు. గుంపుగా నిలబడ్డ గాబ్లిన్లు బూడిదైపోతుంటే పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డవాడికి కడుపు మండదూ?

కానీ ఆ విజర్డ్‌కి అంత పెద్ద స్లాట్లు (స్పెల్స్ వేసుకునే కోటా) రోజుకి రెండే, ఆర్కేన్ రికవరీ అనే వెసులుబాటుతో ఒకటి తిరిగి తెచ్చుకుంటే మూడు. ఫైటర్ కత్తికి అలాంటి లెక్కాపత్రం లేదు, పొద్దస్తమానం తిప్పుతూనే ఉండొచ్చు. కథలోని ఒక రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఎన్‌కౌంటర్లు (ఫైట్ల లాంటివి), మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లు (చిన్న విరామాలు) అని డీఎం, అంటే ఆట నడిపేవాడి, గైడ్‌లో రాసింది ఈ లెక్క మీదే. నువ్వు రాసినదాన్ని బట్టి మీ టేబుల్ దగ్గర రోజుకి ఒక ఫైటే, ఆపైన అందరూ పడక. అలాంటప్పుడు విజర్డ్ పొదుపు ఎందుకు చేస్తాడు, జేబులో ఉన్నదంతా ఒక్క ఫైట్‌లో ఖర్చుపెట్టేస్తాడు. నిజానికి ఎవరూ రోజుకి ఎనిమిది ఫైట్లు పెట్టరు, అంత ఓపిక ఎవరికుంది, కథ కూడా నడవదు. మూడు నాలుగు పెట్టినా చాలు, మధ్యలో ఒక్క గంట షార్ట్ రెస్ట్ దొరికినా చాలు, ఎందుకంటే ఫైటర్‌కి ఒక టర్న్‌లో అదనపు పని చేయించే యాక్షన్ సర్జ్, వార్‌లాక్ అనే ఇంకో రకం మంత్రగాడికి స్లాట్లు తిరిగొచ్చేది అప్పుడే. షార్ట్ రెస్ట్ లేని టేబుల్లో వాళ్లిద్దరి కడుపు మాడ్చేది క్లాసులు (ఫైటర్, విజర్డ్ లాంటి పాత్రల రకాలు) కాదు, డీఎం. అంటే నువ్వేరా!

ఇది ఇప్పటి గొడవేం కాదులే. ఇదే ఆట 1981 బేసిక్ సెట్ చూడు, రెండో లెవెల్‌కి వెళ్లాలంటే థీఫ్‌కి 1,200 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), ఫైటర్‌కి 2,000, మ్యాజిక్ యూజర్‌కి, అంటే అప్పటి విజర్డ్‌కి, 2,500. వాడికి మొదట ఉండేది ఒక్క స్పెల్లూ నాలుగు ముఖాల పాచిక మీద వచ్చినన్ని హిట్ పాయింట్లూ (ప్రాణం లెక్క), పిల్లి గీరినా పోయేలా ఉండేవాడు. ఇప్పుడు కష్టపడితే ముందు ముందు రాజ్యమేలతావు అని ఒప్పందమన్నమాట. వినడానికి బాగానే ఉంటుంది గానీ అక్కడిదాకా నడిచే ఆటలెన్ని? పైగా ముందు సగం ఒకడు ఏడ్చి, తర్వాత సగం ఇంకొకడు ఏడిస్తే దాన్ని బ్యాలెన్స్ అనడం నాకు నచ్చదు. 2000లో మూడో ఎడిషన్ వచ్చి ఎక్స్‌పీ పట్టిక అందరికీ ఒకటే చేసింది, శక్తి మాత్రం అలాగే వదిలేసింది, అంటే ధర తీసేసి సరుకు ఉంచింది. అందులో డ్రూయిడ్ అనే ప్రకృతి మంత్రగాడు ఎలుగుబంటిగా మారి, ఒక ఫీట్ (అదనపు నైపుణ్యం) తీసుకుంటే ఆ రూపంలోనే స్పెల్స్ వేసేవాడు, పక్కన పెంపుడు జంతువు వేరే. ఇక ఫైటర్ చేసే పనేముంది? 2008లో నాలుగో ఎడిషన్ అందరికీ ఒకే అచ్చు పోసింది, ఎప్పుడూ వాడేవి, ఫైట్‌కొకసారి వాడేవి, రోజుకొకసారి వాడేవి. చాలామంది అన్ని క్లాసులూ ఒకేలా ఉన్నాయని తిట్టారు. నాకైతే అందులో ఫైటరే ఇష్టం. శత్రువుని మార్క్ చేసి, నన్ను దాటి వెళ్లు చూద్దాం అని నిలబడేవాడు.

సరే, అసలు విషయం డ్యామేజ్‌లో లేదు, ఫైట్ లేనప్పుడు ఉంది. మీరు గోపురం మీది ఖైదీని విడిపించడానికి వెళ్లారన్నావే, అదే తీసుకో. తాళం వేసిన తలుపుంది. రోగ్ తాళం తీస్తాడు, బార్డ్ కాపలావాణ్ణి మాటల్లో పెడతాడు, విజర్డ్ నాక్ అనే స్పెల్ వేస్తే తలుపు తెరుచుకుంటుంది, పాచిక కూడా వేయక్కర్లేదు, ఒక స్లాటూ 300 అడుగుల దాకా వినపడే చప్పుడూ, అంతే దాని ఖరీదు. ఫైటర్ మాత్రం తలుపు బద్దలుకొట్టనా అని నిన్ను అడగాలి. నువ్వు డీసీ (అందుకోవాల్సిన అంకె) 20 అంటావు, వాడికి ప్లస్ 4, అంటే ఇరవై ముఖాల పాచిక మీద 16 గానీ ఆపైన గానీ పడాలి, నాలుగింట ఒక వంతు అవకాశం. పార్టీలో అందరికంటే బలవంతుడు నాలుగింట మూడుసార్లు తలుపు ముందు నవ్వులపాలవుతాడు. స్పెల్ ఉన్నవాడు జరిగిందని చెబుతాడు, లేనివాడు జరుగుతుందా అని అడుగుతాడు. లెవెల్ పెరిగేకొద్దీ ఇది ముదురుతుంది, 17లో విజర్డ్‌కి కోరింది జరిపించే విష్ అనే స్పెల్ వస్తుంది, ఫైటర్ అప్పటికీ తలుపు దగ్గరే అడుగుతుంటాడు.

అందుకే మ్యాజిక్ కత్తి వద్దన్నాను. ప్లస్ 1 కత్తి ఇస్తే 11 కాస్తా 12 అవుతుంది, ఇంకాస్త తరచుగా తగులుతుంది, అంతే. గాల్లోకి లేపే బూట్లివ్వు, అప్పుడు గోపురం దగ్గర వాడికీ ఒక ప్లాన్ ఉంటుంది. పాత చెక్క తలుపైతే పాచిక అడగకుండానే పగిలిందని చెప్పేయ్. పాత సైనికులు వాడి మాటకే తలొగ్గేలా చెయ్యి. 2024 పుస్తకంలో ఫైటర్‌కి టాక్టికల్ మైండ్ అని ఒకటిచ్చారు, చెక్ (తలుపు దగ్గర వేసేలాంటి పాచిక) తప్పితే, గాయాలు మాన్చుకోవడానికి ఉండే సెకండ్ విండ్ ఒకటి వాడి పది ముఖాల పాచిక కలుపుకోవచ్చు, అదే తలుపు దగ్గర అవకాశం సగం దాటుతుంది. మీ ఆటలోకి అదొక్కటి తెచ్చుకున్నా తప్పులేదు.

ఫైర్‌బాల్ జోలికి మాత్రం వెళ్లకు, విజర్డ్‌కి అదే పండగ. గాబ్లిన్లని విడివిడిగా నిలబెట్టు, సగం మందిని ఫైటర్ మీదకి తోలు, అప్పుడు విజర్డే చేతులు కట్టుకుని ఆలోచిస్తాడు.

ఇవన్నీ చేసేముందు మీ ఫైటర్‌ని పక్కకి పిలిచి ఒకసారి అడుగు. స్లాట్లూ స్పెల్ లిస్టులూ తలనొప్పి అని కావాలనే ఫైటర్ తీసుకునేవాళ్లుంటారు, వాళ్లకి కొత్త పవర్స్ ఇస్తే ఇంకో టెన్షన్ పెట్టినట్టే. అలిగింది డ్యామేజ్ గురించా, ఊరికే కూర్చోవలసి వస్తోందనా అన్నది ముందు తేల్చుకో. వాడేమన్నాడో వెంటనే రాయి, అప్పటిదాకా గోపురం సెషన్ వాయిదా వెయ్యి.

ఇట్లు,
ఏ పార్టీలో చేరినా చివరికి క్లెరిక్కే (అందరి గాయాలూ మాన్చే పూజారి పాత్ర) మిగిలే నీ స్నేహితుడు